సిరొంచ మహారాష్ట్రలోకి ఎట్లా వచ్చింది? ఆ బంగళాలు, ఆ నది, ఆ పాత జిల్లా

సిరొంచ_శ్రీను

అందరికీ నమస్తే. మాది సిరొంచ, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో తెలంగాణ సరిహద్దు ఊరు, ఉద్యోగం నాగపూర్‌లో. ఇక్కడ ఊరి పేరు చెప్తే ‘గడ్చిరోలీనా’ అని ఒక చూపు చూస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. హైదరాబాద్ వెళ్తే బండి నంబరు చూసి హిందీలో మొదలుపెడతారు. నేను తెలుగులో జవాబిస్తే ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు. ఇంట్లో, అంగట్లో, గుళ్లో, పొలంలో మాది తెలుగే. బడి మాత్రం మరాఠీ. మా నాన్న సంతకం కూడా మరాఠీలోనే.

1956లో భాషను బట్టి రాష్ట్రాలు చేసినప్పుడు మా తాలూకాను మరాఠీ వైపు ఎందుకు ఉంచారు? ఇంకోటి, ప్రాణహిత ఒడ్డున ఇంగ్లీషువాళ్ల నాటి బంగళా ఉంది కదా. అంత మూలన ఉన్న ఊళ్లో దొరలకు ఏం పని? తెలిసిన పెద్దవాళ్లు వివరంగా రాస్తే చదువుతాను. వాట్సాప్‌లో తిరిగే ‘కాకతీయుల రహస్య రాజధాని’ లాంటివి మాత్రం వద్దు, దండం పెడతా.

బల్లార్షా_రమేష్

సింపుల్ తమ్ముడూ. 1956లో మన తరఫున గట్టిగా అడిగేవాళ్లు లేరు. విదర్భ మొత్తం ఒక్క మూటగా పోయింది, అందులో మనం కూడా పోయాం. అంతకంటే చరిత్ర ఏం లేదు.

పాత_మాస్టారు

రమేష్, 1956 నాటికే ఈ లెక్క తేలిపోయి వందేళ్లు కావస్తోంది. కొంచెం వెనక్కి వెళ్లాలి.

1860కి ముందు సిరొంచ నిజాం రాజ్యంలో ఉండేది. ఆ ఏడాది నిజాంకూ ఇంగ్లీషువాళ్లకూ ఒక ఒప్పందం జరిగింది. 1857లో తమ పక్షాన నిలబడ్డందుకు నిజాంకు రాయచూర్ దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చారు, సురపురం సంస్థానం అప్పగించారు, 50 లక్షల అప్పు కొట్టేశారు. వీటికి బదులు వాళ్లు తీసుకున్న వాటిలో ముఖ్యమైనది గోదావరి ఎడమ ఒడ్డు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి, ఇట్లా నది పొడుగునా ఒక సన్నటి పట్టీ. దాన్నంతా కలిపి అప్పర్ గోదావరి జిల్లా అని పేరు పెట్టి సిరొంచను జిల్లా కేంద్రం చేశారు. మరుసటి ఏడు, 1861లో, సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడితే ఈ జిల్లా అందులో చేరింది. నాగపూర్ కింద అన్నమాట.

శ్రీనూ, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. దొరలు మూలన ఉన్న ఊరికి రాలేదు, జిల్లా కేంద్రానికి వచ్చారు. డిప్యూటీ కమిషనర్ కచేరి ఇక్కడే నడిచేది. గ్లాస్‌ఫర్డ్ అనే ఆయన ఇక్కడి డిప్యూటీ కమిషనర్‌గా ఉండి బస్తర్ మీద రిపోర్టు రాశాడు. బస్తర్ గురించి ఇంగ్లీషు ప్రభుత్వానికి వివరంగా తెలిసింది మొదట్లో సిరొంచ నుంచే.

జిల్లా పద్నాలుగేళ్లు కూడా సరిగ్గా నిలవలేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిపారు. మిగిలింది చాందా జిల్లాలో ఒక తహసీలు అయింది. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. ఆ తర్వాత 1909లో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకు వెళ్లిపోయాయి. సిరొంచ ఒక్కటి చాందాలో మిగిలింది.

1956 సంగతి అంటావా, అప్పుడు చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. 1960 మే 1న మహారాష్ట్ర అయింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్‌ను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. ఊరు కదల్లేదు, పై కచేరీలు మారుతూ పోయాయి.

చర్ల_వెంకట్

మాస్టారూ నమస్కారం. మాది చర్ల దగ్గర. మా తాత వాళ్లు ‘సిరొంచ జిల్లా’ అనే మాట వాడేవాళ్లట, నేను ఏదో పొరపాటు అనుకునేవాణ్ణి. మా వైపు కథ కూడా కొంచెం చెప్తాను. మద్రాసులో చేరాక మేము తూర్పు గోదావరి కింద ఉన్నాం. కలెక్టరు కాకినాడలో. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మంలో కలిపారు. 2014లో మళ్లీ ఏడు మండలాలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం గుడి తెలంగాణలో, గుడి మాన్యం చాలా వరకు ఆంధ్రలో.

అంటే 1860లో ఒకే జిల్లాగా ఉన్న ఒడ్డు ఇవాళ మూడు రాష్ట్రాల్లో ఉంది. ఇంద్రావతి దాటితే నాలుగోది, ఛత్తీస్‌గఢ్.

సిరొంచ_శ్రీను

మాస్టారూ, ఇది మాకు బళ్లో ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. మాకు శివాజీ మహారాజ్ కోటలన్నీ వరుసగా వచ్చు. మా ఊరి కోట ఎవరిదో రాదు.

కానీ ఒక అనుమానం. ఎడమ ఒడ్డు సన్నటి పట్టీ కావాలని ఎందుకు పట్టుబట్టారు? అక్కడ ఉన్నది అడవి కదా. టేకు కోసమా?

పాత_మాస్టారు

టేకు ఉంది. అహేరి, ఆలాపల్లి టేకుకు అప్పుడూ పేరు, ఇప్పుడూ పేరు. దుంగలు తెప్పలు కట్టి వరద మీద రాజమండ్రి దాకా వదిలేవాళ్లు. కానీ అసలు ఆశ పత్తి మీద.

బేరార్ (ఇప్పటి పశ్చిమ విదర్భ), నాగపూర్ నల్లరేగడి పత్తిని సముద్రానికి చేర్చాలి. ఎడ్లబండ్ల మీద బొంబాయి చేరాలంటే నెలలు పట్టేది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దీనికి నదినే దారి చేయమన్నాడు. వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవలు కాకినాడ వైపు దిగాలి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఇంగ్లండ్‌కు ఆగిపోయేసరికి ఈ ఆలోచనకు గిరాకీ పెరిగింది.

దారిలో మూడు అడ్డంకులు ఉన్నాయి. నది రాతి గుట్టల మీద పడి చీలిపోయే చోట్లు. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇంద్రావతి కలిసే దగ్గర ఇచ్చంపల్లి, మూడోది సిరొంచకు పైన ప్రాణహిత మీద దేవలమర్రి. ఒక్కో చోట రాతి ఆనకట్ట, పక్కనుంచి కాలువ, పడవలు ఎక్కి దిగడానికి లాకులు కట్టాలని ప్లాను. హేగ్ అనే ఇంజనీరు చూసుకున్నాడు. జ్వరాలకు కూలీలు నిలవలేదు, ఎండాకాలం నీళ్లు లేవు, వానాకాలం పని లేదు. ఇటు 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. ఇక పత్తి నది మొహం ఎందుకు చూస్తుంది? 1871లో పనులు ఆపేశారు.

ఆపేసిన మూడేళ్లకే జిల్లా రద్దయింది, గమనించు. ఆ రెండింటికీ సంబంధం ఉందనే నేను అనుకుంటాను. నదిని దారిగా వాడుకున్నంత కాలం సిరొంచ నడిమధ్య ఊరు. రైలు వచ్చాక చివరి ఊరు. మన ‘వెనుకబాటు’ పుట్టుకతో వచ్చింది కాదు, దానికి ఒక తేదీ ఉంది.

బల్లార్షా_రమేష్

మాస్టారు చెప్పింది ఒప్పుకుంటా, రైలు ఎటు పోతే జనం అటు. మా ఊరే సాక్ష్యం. కాజీపేట బల్లార్షా లైను 1920ల చివర పడింది. దానికి తోడు బొగ్గు బావులు, ఆ తర్వాత కాగితం మిల్లు. కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి మావాళ్లు రైలెక్కి వచ్చేశారు. కాలనీలో బతుకమ్మ ఆడితే రోడ్డు బంద్ అయ్యేంత జనం. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు నాందేడ్ వైపు నుంచి, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లను చూడాలి, నదిలో స్నానాలు చేసి తడి బట్టలతోనే గుడికి పోతారు.

చంద్రపూర్‌లో పాత తెలుగు కోమట్లు, కాపులు మాకంటే ఎన్నో తరాల ముందు నుంచి ఉన్నారు. ఇంటిపేరు చివర ‘వార్’ ఉంటుంది, ఇంట్లో మరాఠీయే మాట్లాడతారు. పెళ్లి మాత్రం తెలుగు సంబంధమే కావాలి.

అయినా నా మాట మీద నేను ఉన్నా. 1956లో అడగాల్సింది. ఎందుకంటే రాజురా తాలూకా చూడండి. అది హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాది. దాన్ని అప్పుడే తీసి నాందేడ్‌లో కలిపారు, 1959లో చాందాకు ఇచ్చారు. అంటే తాలూకాలు మార్చడం కుదిరింది. అటు నుంచి ఇటు కుదిరినప్పుడు ఇటు నుంచి అటు ఎందుకు కుదరలేదు?

కమలాపూర్_పోరడు

చాలాసేపటి నుంచి చదువుతున్నా. తెలుగా మరాఠీయా అని కొట్టుకుంటున్నారు, మేము ఎక్కడ? అడవి అంతా మాది. నేను గోండును, మా అమ్మ తరఫు మాడియా, అదీ గోండుల్లో ఒక తెగే. ఇంట్లో గోండి, సిరొంచ బజారుకు వస్తే తెలుగు, అహేరి ఆఫీసులో మరాఠీ, పోలీసుతో హిందీ. 1956లో భాషను బట్టి గీత గీస్తే గోండిని నాలుగు రాష్ట్రాలకు పంచారు. మా వైపు ఎవరు అడగాలి రమేష్ అన్నా?

ఇంకో మాట. మాస్టారు 1860 నుంచి మొదలుపెట్టారు. అంతకు ముందు కూడా ఇక్కడ మనుషులు ఉన్నారు. 1795లో బ్లంట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ బస్తర్‌లోకి దారి వెతుక్కుంటూ వస్తే భూపాలపట్నం దగ్గర గోండులు అడ్డుకుని వెనక్కి పంపారు. 1858లో మొలంపల్లి జమీందారు బాబూరావ్ శేడ్మాకే లేచాడు. గోండులను, రోహిల్లాలను (పఠాన్ సిపాయిలను) కూడగట్టి మార్చిలో రాజ్‌గఢ్ పరగణా పట్టుకున్నాడు. ఏప్రిల్ చివర ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర టెలిగ్రాఫ్ పని మీద ఉన్న ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఆయన మనుషుల చేతిలో చచ్చిపోయారు. చాందా డిప్యూటీ కమిషనర్ క్రిక్టన్ అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మీద ఒత్తిడి పెట్టాడు. చివరికి ఆమె మనుషులే పట్టి ఇచ్చారు. 1858 అక్టోబరు 21న చాందా జైల్లో ఉరి తీశారు. వయసు పాతిక.

ఆయనతో ఉన్న వెంకట్‌రావ్ బస్తర్‌లోకి తప్పించుకున్నాడు. లక్ష్మీబాయికి వాళ్ల ఊళ్లు ఇనాంగా దక్కాయి. ఝాన్సీ లక్ష్మీబాయి పాఠం ఉన్న పుస్తకంలో ఈ లక్ష్మీబాయి ఉండదు. చంద్రపూర్ పాత జైలు దగ్గర ప్రతి అక్టోబరు 21న మావాళ్లు చేరతారు, తెలుగువాళ్లు కూడా రావచ్చు.

పాత_మాస్టారు

పోరడా, నిజం రాశావు. సరిగ్గా ఆ తిరుగుబాటు అణిగిన రెండేళ్లకే ఎడమ ఒడ్డును నిజాం దగ్గర నుంచి తీసుకున్నారు. నది ఒక ఒడ్డు ఇంగ్లీషువాళ్లది, రెండో ఒడ్డు నిజాంది అయితే లేచినవాడు దాటి పోవడానికి రాత్రి ఒక దోనె చాలు. సరిహద్దు అడవిని ఎవరూ పూర్తిగా ఏలలేదు. ఏలుతున్నామని కాగితాల మీద రాసుకున్నారు.

గంగారాం_1980

దోనె దాటడం అంటే గుర్తొచ్చింది, 1980లో కరీంనగర్ నుంచి పీపుల్స్‌వార్ దళాలు ప్రాణహిత దాటింది కూడా ఇక్కడే కదా. ఆ సంవత్సరమే మా తాలూకాలో మొదటి ఎన్‌కౌంటర్. ఆ తర్వాత నలభై ఏళ్లు ఊళ్లో ఏం జరిగినా పేపర్లో ఆ ఒక్క వార్తే. దాని గురించి రాస్తే ఇక్కడ…

మోడరేటర్

గంగారాం గారూ, 1980లో దళాలు నది దాటిన సంగతి అందరికీ తెలిసిందే, అది ఉంచుతున్నాం. మిగతా పేరా తీసేశాం. ఎవరి ఊరు, ఎవరి ఇల్లు అని గుర్తుపట్టే వివరాలు వద్దు. అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు.

గోదారి_ఆడబిడ్డ

నేను కాళేశ్వరం ఆడబిడ్డను, సిరొంచ కోడలిని. ఇన్ని ఒప్పందాలు చదివాక నాకు నవ్వొచ్చింది. మా అమ్మగారింటి గుడి గంట గాలి తిరిగితే ఇక్కడికి వినిపించేంత దూరం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడికి ఒకటి, ముక్తేశ్వరుడికి ఒకటి. అట్లాగే మా బతుకు కూడా ఒకే నది మీద రెండు రాష్ట్రాలు.

పెళ్లయిన కొత్తలో వంతెన లేదు. పుట్టింటికి పోవాలంటే పడవ, వానాకాలం ఆ పడవ కూడా బంద్. ఇప్పుడు గోదావరి మీద వంతెన, ప్రాణహిత మీద మంచిర్యాల వైపు ఇంకో వంతెన. పత్తి, మిర్చి అమ్మకానికి వరంగల్, బట్టలు మంచిర్యాల, పెద్ద జబ్బు చేస్తే కూడా అటే. గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సులో పోతే ఆ రోజు పోయినట్టే. సాత్‌బారా (భూమి రికార్డు) కాగితం తలాఠి (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర, సంతకం తహసీల్‌లో, పై పని ఉంటే గడ్చిరోలిలో. అందుకే అహేరి జిల్లా కావాలని ఇక్కడివాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు.

చిక్కు ఎక్కడంటే, బంధుత్వం నది దాటినంత తేలిగ్గా కాగితం దాటదు. మా అమ్మగారింటి దగ్గర తీసుకున్న కులం సర్టిఫికెట్ ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. ఆరోగ్యశ్రీ మాకు లేదు, ఇక్కడి కార్డు వరంగల్‌లో చాలా చోట్ల చూడరు. మా పెద్దబాబు పదో తరగతి మరాఠీలో పాసయ్యాడు, హైదరాబాద్‌లో కోచింగ్‌కు పంపితే స్థానికుడు కాదన్నారు. పూణె పంపితే అక్కడ తెలుగోడన్నారు.

పండుగల దగ్గర మాత్రం మాకు లాభమే. శ్రావణ అమావాస్యకు ఎడ్లకు కొమ్ములకు రంగులేసి పోలా చేస్తాం, మర్నాడు పిల్లలకు కొయ్య ఎడ్లతో తాన్హా పోలా. నెల తిరిగేసరికి బతుకమ్మ. గణపతికి మరాఠీ హారతి, పోచమ్మకు తెలుగు పాట. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం. పోరడా, మీ అమ్మవాళ్ల వైపు నుంచి కూడా మేడారం వస్తారు కదా?

కమలాపూర్_పోరడు

వస్తారు అక్కా. సమ్మక్క కోయ ఆడబిడ్డ, మాకు పరాయి కాదు. కానీ బెల్లం ధర చూసి మా అమ్మ ఊళ్లోనే కొని మోసుకొస్తుంది.

బల్లార్షా_రమేష్

పోరడా, నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, నిజమే. కానీ అక్క రాసింది చదివితే తెలంగాణలో కలిపితే సగం తిప్పలు తప్పేవి అనిపించడం లేదా? జీవతి తాలూకా చూడండి. రాజురా పక్కన పద్నాలుగు ఊళ్లు, రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. అక్కడి జనానికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు.

గోదారి_ఆడబిడ్డ

రెండు రేషన్ కార్డులు బాగానే ఉంటాయి తమ్మీ, భూమి పట్టా ఎవరిస్తారు అని అడుగు. అక్కడివాళ్ల ఏడుపు అదే. కలపడం విడదీయడం కాదు, ఉన్న రెండు ప్రభుత్వాలు ఒకరి కాగితం ఒకరు చదివితే చాలు మాకు. మేడిగడ్డ బ్యారేజీకి 2016లో రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చుని సంతకాలు పెట్టారు కదా. నీళ్ల కోసం కూర్చున్నప్పుడు సర్టిఫికెట్ కోసం కూర్చోలేరా? ఆ బ్యారేజీ వెనక మా వైపు పొలాలు మునిగిన సంగతి వేరే. 2022 జూలై వరద గుర్తు చేసుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

రాళ్ల_పిచ్చోడు

చరిత్ర 1795 దగ్గర ఆగిపోయింది, నేను ఇంకొంచెం వెనక్కి తీసుకుపోతా. పదిహేడు, పద్దెనిమిది కోట్ల ఏళ్లు.

సిరొంచకు దగ్గర్లో ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరు ఉంది. ఆ ఊరి సున్నపురాయిలో చేపల శిలాజాలు 1850ల నాటికే దొరికాయి, అందుకే భూగర్భ శాస్త్రంలో ఈ రాతి పొరలకు ప్రపంచమంతా ‘కోట ఫార్మేషన్’ అనే పిలుస్తారు. పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే దాదాపు మూడు వందల ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. పొడుగు మెడ, నాలుగు స్తంభాల్లాంటి కాళ్లు, ఆకులు మేసే రాక్షసి బల్లి. తవ్వకం జోరుగా సాగిన 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం, అందుకని 1975లో పేరు పెట్టినప్పుడు బరపాసారస్ టాగోరి అన్నారు. అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో నిలబెట్టి ఉంది. ప్రాణహిత అవతల ఒడ్డు యామన్‌పల్లిలో దొరికింది ఇంకో జాతి, కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. అది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

అంటే మన ఒడ్డుది బెంగాలుకు పోయింది, అటు ఒడ్డుది హైదరాబాద్ పోయింది. సిరొంచకు దక్కింది వడధామ్ పార్కులో కొన్ని శిలాజ దుంగలు, బోర్డులు.

పాత_మాస్టారు

భలే చెప్పావు బాబూ. పోచంపల్లి అంటే మన తెలుగువాళ్లకు చీరలే గుర్తొస్తాయి. ఇక్కడ ఒక పోచంపల్లి ఉందని, దాని మీద ప్రపంచం పేపర్లు రాసిందని ఎంతమందికి తెలుసు?

మిషన్ వాళ్ల గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి. అమెరికన్ మెథడిస్టులు ఇంగ్లీషువాళ్ల కాలంలో సిరొంచలో బడి, ఆసుపత్రి నడిపారు, ఊళ్లోవాళ్లతో తెలుగులోనే పని చేశారు. మా అత్త పురుడు అక్కడే పోశారని చెప్పేవాళ్లు.

సిరొంచ_శ్రీను

మాస్టారూ, వెంకట్ అన్నా, పోరడా, అక్కా, అందరికీ థాంక్స్. రమేష్ అన్నతో నేను సగమే ఒప్పుకుంటా. 1909లో చర్లతో పాటు మమ్మల్ని కూడా పంపి ఉంటే మేము ఇవాళ తెలుగులో చదువుకునేవాళ్లం, ఆ మాట నిజం. కానీ చర్ల వెంకట్ అన్న లిస్టు చూశాక, అటు పోయినవాళ్లకు కూడా కలెక్టరు దగ్గర్లో లేడు.

దీపావళికి ఊరికి వస్తున్నా. దేవలమర్రి దగ్గర ఆ పాత ఆనకట్ట పని ఆనవాళ్లు ఏమైనా మిగిలాయా? దుమ్ముగూడెంలో ఉన్నట్టు రాతికట్టు కనిపిస్తుందా? పోరడా, నీకు ఆ దారి తెలుసా?

కమలాపూర్_పోరడు

దేవలమర్రి తెలుసు, అహేరి నుంచి దగ్గరే. దీపావళికి నది ఇంకా నిండుగా ఉంటుంది, ఏం కనిపించదు. ఎండాకాలం రా, ఏప్రిల్‌లో, ఇప్పపువ్వు అయిపోయి తునికాకు మొదలుకాక ముందు నాకు ఖాళీ. ఒడ్డున చెక్కిన రాళ్లు ఉన్నాయని మా మామ అంటాడు. అవి ఆనకట్టవో గుడివో చూసి మాస్టారే చెప్పాలి.

పాత_మాస్టారు

నా మోకాళ్లు బాగుంటే వస్తాను. లేకపోతే ఫోటోలు పెట్టండి, పక్కన కొలతకు ఏదైనా పెట్టి తీయండి, ఊరికే సెల్ఫీలు కాదు.

చర్ల_వెంకట్

నేను దుమ్ముగూడెం లాకుల ఫోటోలు ఆదివారం పెడతా. రాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చేతి పనో కాదో మాస్టారుకు తెలిసిపోతుంది.